కంప్యూటర్‌లో 1 డిగ్రీ, చాంబర్‌లో 11 డిగ్రీలు: తప్పు ఎక్కడుంది?

మిర్చియార్డ్ శ్రీను
గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ రెండూ నేనే చూస్తాను. నాలుగు చాంబర్లు, నిండా మిర్చి టిక్కీలు (బస్తాలు). ఎక్కువ తేజ రకం, కొంత 334 రకం. ఇన్నాళ్లూ వాచ్‌మన్ గంటకోసారి థర్మామీటర్ చూసి రిజిస్టర్‌లో రాసేవాడు. ఈ సీజన్‌కు ముందు ఓనర్‌ను బతిమాలి కంప్యూటర్ పెట్టించాను. చాంబర్‌కొక కె టైపు థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహాల తీగలు కలిపిన ఉష్ణోగ్రత సెన్సర్), ఆఫీసు గదిలో దాన్ని చదివే యూఎస్‌బీ థర్మోకపుల్ మాడ్యూల్, ల్యాప్‌టాప్‌లో ల్యాబ్‌వ్యూ అనే కొలతల సాఫ్ట్‌వేర్. స్క్రీన్ మీద నాలుగు మీటర్లు, గ్రాఫ్. సెట్ పాయింట్ 6. అది దాటితే రిలే కలిసి ఆ చాంబర్‌ను చల్లబరిచే సొలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో పనిచేసేది) తెరుచుకోవాలి.

ఫిబ్రవరిలో బాగానే నడిచింది. ఎండలు ముదిరాక మొదలైంది. మొన్న మధ్యాహ్నం మూడింటికి 2వ చాంబర్ స్క్రీన్ మీద 1 డిగ్రీ. చల్లగానే ఉందనుకుని వాల్వ్ తెరుచుకోలేదు. లోపలికెళ్లిన హమాలీ బయటికొచ్చి “ఏంటయ్యా ఇవాళ వెచ్చగా ఉంది” అన్నాడు. థర్మామీటర్ పెట్టి చూస్తే 11! తెల్లారి ఐదింటికి చూస్తే రెండూ దాదాపు ఒకటే. మధ్యాహ్నానికి మళ్లీ తేడా. నాలుగు చాంబర్లలోనూ ఇదే వరస.

మాడ్యూల్ మార్చాను, ల్యాప్‌టాప్ మార్చాను, ప్రోగ్రామ్ మొత్తం మళ్లీ రాశాను. ఫలితం లేదు. ఇప్పుడు మాన్యువల్‌లో నడుపుతున్నాను. ఓనర్ “మన రిజిస్టరే నయం” అంటున్నారు. లోపలున్నది రైతుల సరుకు, రంగు పోతే ధర పోతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చెప్పండి.

పీఎల్‌సీ రామం
ల్యాప్‌టాప్‌తో కంట్రోల్ పెట్టడమే మొదటి తప్పు తమ్ముడూ. నేను బెజవాడ ఆటోనగర్‌లో ప్యానెళ్లు కడతాను. ఇలాంటి చోటుకి చిన్న పీఎల్‌సీ, అంటే మిషన్లు నడపడానికే చేసిన కంట్రోలర్ చాలు. విండోస్ ఎప్పుడు అప్‌డేట్ అంటుందో, ఎప్పుడు రీస్టార్ట్ అవుతుందో ఎవరికి తెలుసు?

కొండవీడు కోడర్
రామం అన్నా, ఆయన ల్యాప్‌టాప్ ఆగిపోలేదు. నడుస్తూనే తప్పు చూపించింది. పీఎల్‌సీకి అదే తీగ కలిపినా అదే 1 డిగ్రీ చూపిస్తుంది.

శ్రీను గారూ, స్కేలింగ్ చేయకముందు, అంటే డిగ్రీలుగా మార్చకముందు వచ్చే మిల్లీవోల్టుల రీడింగులు ఒక రోజువి పెట్టగలరా?

తెనాలి కుర్రాడు
మధ్యాహ్నం ల్యాప్‌టాప్ వేడెక్కి అలా చూపిస్తోందేమో?

మిర్చియార్డ్ శ్రీను
గదిలో ఫ్యాన్ ఉంది తమ్ముడూ, పైగా రెండో ల్యాప్‌టాప్‌తోనూ అదే వచ్చింది. కోడర్ గారూ, సాయంత్రం ఫైలు పెడతాను.

రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్
ఫైలు తర్వాత చూద్దాం బాబూ. ముందు నాలుగు ప్రశ్నలు. థర్మోకపుల్‌తో వచ్చిన తీగ ఎంత పొడవు? అక్కడి నుంచి ఆఫీసు గది దాకా ఏ తీగ లాగారు? ఆ రెండూ ఎక్కడ కలిశాయి? ఆ చోట ఎండ పడుతుందా?

మిర్చియార్డ్ శ్రీను
సార్, సెన్సర్‌తో వచ్చింది 3 మీటర్లే. చాంబర్ బయట గోడకు ఇనప జంక్షన్ పెట్టె బిగించి, అక్కడి నుంచి ఆఫీసు దాకా మామూలు రాగి తీగ, 1 స్క్వేర్ ఎం.ఎం. లాగాను. 60 మీటర్లు ఉంటుంది. పెట్టెలు పడమటి గోడ మీద ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి ఎండ నేరుగా కొడుతుంది.

రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్
దొరికింది. ప్రోగ్రామ్ జోలికి వెళ్లకండి, అది తప్పు చేయలేదు.

థర్మోకపుల్ ఉష్ణోగ్రతను నేరుగా కొలవదు. రెండు చివరల మధ్య తేడాను కొలుస్తుంది. ఒక చివర చాంబర్‌లో ఉంది. రెండో చివర ఎక్కడుంది? కె టైపు లోహాలు ఆగిపోయి రాగి మొదలైన చోట, అంటే ఎండలో కాలుతున్న మీ పెట్టెలో. మాడ్యూల్‌కు ఆ సంగతి తెలియదు. తన టెర్మినల్ దగ్గరే రెండో చివర ఉందనుకుని ఆఫీసు గది ఉష్ణోగ్రతను కలుపుతోంది. దాన్నే కోల్డ్ జంక్షన్ కాంపెన్సేషన్ అంటాం.

లెక్క వేసుకోండి. చాంబర్ 11, పెట్టె 42, గది 32. తీగలో వచ్చే వోల్టేజీ 11 నుంచి 42 తీసేసినంత, అంటే మైనస్ 31 డిగ్రీలకు సరిపడా. దానికి మాడ్యూల్ 32 కలుపుతుంది. వచ్చేది 1. మీ స్క్రీన్ చూపించింది అదే.

తెల్లవారుజామున పెట్టె, గది ఒకే వేడిలో ఉంటాయి, అందుకని తప్పు కనబడదు. ఫిబ్రవరిలో బాగా నడవడానికి కారణం కూడా ఇదే.

కృష్ణలంక సుబ్బు
ఫైలు కూడా చూడకుండా చెప్పేశారు సార్. దణ్ణం.

పీఎల్‌సీ రామం
ఒప్పుకుంటున్నాను. ఇది పీఎల్‌సీ పెట్టినా పోని తప్పే. కానీ కంట్రోల్ విషయంలో నా మాట మీదే ఉన్నాను, మళ్లీ వస్తాను.

తెనాలి కుర్రాడు
సార్, ఒక డౌట్. మాకు ‘వర్చువల్ ఇన్‌స్ట్రుమెంటేషన్’ సబ్జెక్టు ఉంది. అందులో మీటరు అంతా సాఫ్ట్‌వేరే అని చదువుకున్నాం. మరి తీగ దగ్గర తప్పు ఎలా వస్తుంది?

ఈసీఈ మేడమ్
నేను పాలిటెక్నిక్‌లో ఆ ల్యాబే చెబుతాను, కాబట్టి ఇది నేను చెప్పాలి. మామూలు ఆసిలోస్కోప్ పెట్టెలో సిగ్నల్ తీసుకునే భాగం, అంకెలుగా మార్చే భాగం, లెక్క కట్టే భాగం, చూపించే భాగం అన్నీ కలిసి ఉంటాయి. వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్‌లో చివరి రెండూ కంప్యూటర్‌కు వెళ్తాయి. నాబ్‌లు, సూదులు స్క్రీన్ మీదికి వస్తాయి. మొదటి రెండూ వస్తువులుగానే మిగులుతాయి: సెన్సర్, తీగ, డాక్ కార్డు (సిగ్నల్‌ను అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు ఇచ్చే కార్డు). అక్కడ జరిగిన తప్పును ఏ సాఫ్ట్‌వేరూ చూడలేదు, తనకు అందిన అంకెనే అందంగా గీసి చూపిస్తుంది.

ల్యాబ్‌వ్యూ 1986లో మొదట మాకింటాష్ మీద వచ్చింది. అందులో రాసే ప్రోగ్రామ్‌ను ఇప్పటికీ ‘వీఐ’ అనే అంటాం, వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్‌కు పొట్టి పేరు. ముందు వైపు ఫ్రంట్ ప్యానెల్, వెనక బ్లాక్ డయాగ్రమ్. పిల్లలు మూడు వారాల్లో చక్కటి ప్యానెల్ గీస్తారు. సెన్సర్ తీగ బిగించమంటే వెనక్కి తగ్గుతారు. అందుకే ఈ ఏడు మొదటి నాలుగు క్లాసులు కంప్యూటర్ ఆన్ చేయనివ్వలేదు, స్క్రూడ్రైవర్లే ఇచ్చాను.

కొండవీడు కోడర్
మేడమ్, ఇంట్లో డాక్ కార్డు లేనివాళ్లు ఎలా నేర్చుకోవాలి?

ఈసీఈ మేడమ్
ల్యాప్‌టాప్ మైక్ సాకెట్ చాలు. సౌండ్ కార్డు కూడా ఒక ఏడీసీయే, అంటే సిగ్నల్‌ను అంకెలుగా మార్చేదే, సెకనుకు 44,100 శాంపిళ్లు తీస్తుంది. 20 కిలోహెర్ట్జ్ లోపు సిగ్నళ్లు చూడొచ్చు. ఇన్‌పుట్‌లో కెపాసిటర్ ఉంటుంది కాబట్టి బ్యాటరీ వోల్టేజీ లాంటి డీసీ కొలవలేరు. కరెంటు ప్లగ్ వైపు మాత్రం పొరపాటున కూడా వెళ్లొద్దు, ప్రాణాల మీదికొస్తుంది.

మిర్చియార్డ్ శ్రీను
రిటైర్డ్ సార్ చెప్పిన లెక్క ఇవాళ పరీక్షించాను. మూడు చోట్లా థర్మామీటర్లు పెట్టాను. మధ్యాహ్నం 3కి చాంబర్ 7, పెట్టె లోపల 43, ఆఫీసు గది 32. సార్ లెక్క ప్రకారం స్క్రీన్ మీద మైనస్ 4 రావాలి. వచ్చింది మైనస్ 3.6.

తర్వాత పెట్టె మీద తడి గోనెపట్టా కప్పాను. ఇరవై నిమిషాల్లో స్క్రీన్ మీద అంకె 3 దాకా ఎక్కింది. చాంబర్‌లో ఏమీ మారలేదు! ఓనర్‌ను పిలిచి పక్కన నిలబెట్టి చూపించాను. ఆయన “గోనెపట్టాతో కంప్యూటర్ బాగైందా” అని ఆశ్చర్యపోయారు. రిజిస్టర్ మాట కాస్త తగ్గింది.

ఇప్పుడేం చేయమంటారు? పెట్టెలు నీడకు మార్చనా?

రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్
శభాష్. నీడకు మారిస్తే తప్పు తగ్గుతుంది కానీ పోదు. సరైన మందు ఎక్స్‌టెన్షన్ కేబుల్. కె టైపుకు కేఎక్స్ అనే తీగ ఉంటుంది. రాగి తీసేసి పెట్టె నుంచి మాడ్యూల్ దాకా అదే లాగండి. అప్పుడు రెండో చివర మాడ్యూల్ దగ్గరికి జరుగుతుంది, లెక్క కుదురుతుంది.

నేను థర్మల్ స్టేషన్‌లో చేరిన కొత్తలో మాకు కంప్యూటర్లు లేవు, గుండ్రటి కాగితం మీద ఇంకు పెన్నుతో గీసే చార్టు రికార్డర్లే. రోజూ మధ్యాహ్నం ఒక పాయింటు మాత్రం కిందికి వంగేది. మా ఫోర్‌మన్ నన్ను తీసుకెళ్లి పెట్టె మీద చెయ్యి పెట్టించాడు. చెయ్యి కాలింది. ఆ రోజు నేర్చుకున్నదే మీకు చెప్పాను.

పీఎల్‌సీ రామం
సార్ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. 0 నుంచి 10 డిగ్రీల మధ్య కొలవడానికి అసలు థర్మోకపుల్ ఎందుకు? అది కొలిమికి పనికొచ్చే వస్తువు. క్లాస్ 2 కె టైపులో 2.5 డిగ్రీల దాకా తేడాను అనుమతిస్తారు. పీటీ 100 (వేడిని బట్టి నిరోధం మారే ప్లాటినం సెన్సర్) క్లాస్ బి అయితే 0 దగ్గర 0.3 డిగ్రీలే. మిర్చికి పీటీ 100 పెట్టాలి.

రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్
ఒప్పుకుంటాను రామం. కొత్తగా కడితే నేనూ పీటీ 100 అనే చెబుతాను. కానీ సెన్సర్లు కొనేశారు, సరుకు లోపలుంది. ఈ సీజన్ గట్టెక్కాలి కదా.

ఈసీఈ మేడమ్
పీటీ 100కి వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. రెండు తీగలతో కలపకండి. 1 స్క్వేర్ ఎం.ఎం. రాగి 60 మీటర్లు పోను, 60 రాను కలిపి సుమారు 2 ఓములు. పీటీ 100 డిగ్రీకి 0.385 ఓము మారుతుంది. అంటే తీగ ఒక్కటే 5 డిగ్రీలకు పైగా ఎక్కువ చూపిస్తుంది. మూడు తీగల పద్ధతిలో ఆ తీగ నిరోధాన్ని మాడ్యూల్ తీసేస్తుంది.

పీఎల్‌సీ రామం
నేనైతే సెన్సర్ తల దగ్గరే ట్రాన్స్‌మిటర్ పెట్టి రీడింగ్‌ను 4–20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా తెస్తాను. తీగ ఎంత పొడవున్నా కరెంటు మారదు. తీగ తెగితే సున్నా వస్తుంది, వెంటనే తెలిసిపోతుంది. చివర 250 ఓముల రెసిస్టర్ పెడితే 1 నుంచి 5 వోల్టులు. మైనస్ 10 నుంచి 50 డిగ్రీల రేంజ్ పెట్టుకుంటే చవక 12 బిట్ (మొత్తం 4,096 మెట్లు) కార్డులో కూడా ఒక మెట్టు 0.07 డిగ్రీ.

కృష్ణలంక సుబ్బు
ఆ 12 బిట్ కార్డుకే నేను థర్మోకపుల్ నేరుగా తగిలించాను, మా బేకరీ ఓవెన్‌కు. అంకె కదలనే లేదు. ఎందుకో ఇప్పటిదాకా అర్థం కాలేదు.

కొండవీడు కోడర్
±10 వోల్టుల రేంజ్‌లో 12 బిట్లంటే ఒక మెట్టు 4.9 మిల్లీవోల్టులు. కె టైపు డిగ్రీకి ఇచ్చేది సుమారు 40 మైక్రోవోల్టులు. అంటే ఓవెన్ 120 డిగ్రీలు పెరిగితే గానీ మీ కార్డు ఒక్క మెట్టు ఎక్కదు సుబ్బు గారూ.

కృష్ణలంక సుబ్బు
అంత వేడి పెరిగేలోపు బన్నులు బొగ్గవుతాయి! అర్థమైంది, థాంక్స్ తమ్ముడూ.

మిర్చియార్డ్ శ్రీను
కేఎక్స్ కేబుల్ ఆర్డర్ పెట్టాను, నాలుగు రోజుల్లో వస్తుందట. ఈలోపు ఇంకో సమస్య. కంప్రెసర్ మోటార్ స్టార్ట్ అయినప్పుడు గ్రాఫ్‌లో ముళ్లలాగా 3, 4 డిగ్రీలు ఎగురుతోంది. మామూలప్పుడు కూడా గీత నెమ్మదిగా అలలాగా ఊగుతోంది. నేను సెకనుకు ఒక రీడింగ్ తీస్తున్నాను.

ఈసీఈ మేడమ్
ఆ అల చాంబర్‌ది కాకపోవచ్చు శ్రీను గారూ. మీ తీగలోకి 50 హెర్ట్జ్ కరెంటు దూరుతోందని నా అనుమానం. సెకనుకు ఒక్కసారి చూస్తే ప్రతిసారీ ఆ అలలో దాదాపు ఒకే చోట చూస్తారు. గ్రిడ్ సరిగ్గా 50 దగ్గర నిలబడదు, అటూ ఇటూ కొంచెం జరుగుతూ ఉంటుంది. ఆ కొంచెం తేడాయే మీకు నెమ్మదైన అలగా కనబడుతుంది. దీన్ని ఏలియాసింగ్ అంటాం. తిరిగే ఫ్యాను రెక్కలు ట్యూబ్‌లైట్ కింద ఒక్కోసారి మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్టు కనబడతాయి చూడండి, అలాంటిదే.

మీ మాడ్యూల్‌లో 50 హెర్ట్జ్ రిజెక్షన్ మోడ్ ఉందేమో చూడండి. వేగంగా తీయగలిగితే 1000 హెర్ట్జ్‌లో 100 శాంపిళ్లు తీసి సగటు కట్టండి. 100 మిల్లీసెకన్లంటే సరిగ్గా ఐదు ఆవృత్తాలు, పైదీ కిందదీ కొట్టుకుపోతాయి.

పీఎల్‌సీ రామం
మేడమ్ చెప్పింది మాకు డీజిల్ పంపు టెస్టు బెంచి మీద జరిగింది. ప్రెషర్ ఊగుతోందని రెండుసార్లు పంపు విప్పించాం. పంపులో ఏమీ లేదు. విప్పిన మెకానిక్‌కు సారీ చెప్పి కూలీ ఇచ్చి పంపాను.

ఆ ముళ్లకు మాత్రం సగటు సరిపోదు. సెన్సర్ తీగ, మోటార్ తీగ ఒకే ట్రేలో ఉన్నాయా?

మిర్చియార్డ్ శ్రీను
అవునన్నా, ఒకటే ట్రే. 40 మీటర్లు పక్కపక్కనే.

పీఎల్‌సీ రామం
విడదీయాలి. కనీసం ఒక అడుగు దూరం, దాటాల్సిన చోట అడ్డంగా దాటించు. మెలితిప్పిన షీల్డ్ కేబుల్ తీసుకో, షీల్డ్‌ను ఒక్క వైపే ఎర్త్ చెయ్యి. రెండు వైపులా చేస్తే షీల్డ్‌లోనే కరెంటు తిరుగుతుంది.

ఇక నా అసలు మాట. సరుకు ఒక ఎత్తు, చాంబర్లను చల్లబరిచే అమ్మోనియా ఇంకో ఎత్తు. గాలిలో 300 పీపీఎం చేరితే ప్రాణానికి ముప్పు. హై ప్రెషర్, లో ప్రెషర్, ఆయిల్ కట్ అవుట్లు (తేడా వస్తే కంప్రెసర్‌ను ఆపేవి) ల్యాప్‌టాప్ గుండా వెళ్తున్నాయా?

మిర్చియార్డ్ శ్రీను
లేదన్నా, అవన్నీ పాత ప్యానెల్‌లోనే నేరుగా స్టార్టర్‌కు ఉన్నాయి. ముట్టుకోలేదు.

పీఎల్‌సీ రామం
హమ్మయ్య. ఎప్పటికీ ముట్టుకోకు. వాల్వులకు కూడా ఒక ఏర్పాటు చెయ్యి. ల్యాప్‌టాప్ ప్రతి సెకనుకూ ఒక పల్స్ పంపాలి. పది సెకన్లు పల్స్ రాకపోతే టైమర్ రిలే పడిపోయి కంట్రోల్ పాత థర్మోస్టాట్‌కు వెళ్లిపోవాలి. అప్పుడు నీ విండోస్ ఏం చేసుకున్నా భయం లేదు.

కొండవీడు కోడర్
ఈ విషయంలో అన్నతో వంద శాతం ఏకీభవిస్తున్నాను. పీసీ చూడటానికి, రాసిపెట్టడానికి, ఫోన్‌కు మెసేజ్ పంపడానికి. ప్రాణం మీదికొచ్చేవి రాగి తీగతోనే కట్టాలి.

శ్రీను గారూ, మీది ల్యాబ్‌వ్యూ ఏ ఎడిషన్?

మిర్చియార్డ్ శ్రీను
ఫ్రీగా వచ్చే కమ్యూనిటీ ఎడిషన్.

ఈసీఈ మేడమ్
అది 2020 నుంచి ఉచితమే కానీ వ్యాపారానికి వాడకూడదు. కోల్డ్ స్టోరేజీ వ్యాపారమే. లైసెన్సు కొనండి, లేదంటే మార్చుకోండి.

కొండవీడు కోడర్
పైథాన్‌లో రాసుకోండి, ఖర్చు లేదు. మోడ్‌బస్ మాడ్యూళ్లకైనా, డాక్ కార్డులకైనా లైబ్రరీలు ఉన్నాయి. రీడింగ్ వచ్చిన వెంటనే ఫైల్లో రాసేయండి, కరెంటు పోయినా పోయేది ఒక్క లైనే. కావాలంటే ఆదివారం గుంటూరు వచ్చి కూర్చుంటాను, మాది ఫిరంగిపురం దగ్గరే.

మిర్చియార్డ్ శ్రీను
రండి, తప్పకుండా రండి. తెలియక వాడాను, మారుస్తాను.

మిర్చియార్డ్ శ్రీను
కేబుల్ వచ్చింది. 1, 2 చాంబర్లకు నేనే వేశాను, 3కి మా ఎలక్ట్రీషియన్ వేశాడు. ట్రే కూడా విడదీశాం, ముళ్లు పోయాయి. ఇవాళ మధ్యాహ్నం 1వ చాంబర్ స్క్రీన్ 7.2, థర్మామీటర్ 7. 2వది 6.5, థర్మామీటర్ 7. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కానీ 3వ చాంబర్ అర్థం కావడం లేదు. అక్కడా థర్మామీటర్ 7. రాగి తీగ ఉన్నప్పుడు మధ్యాహ్నం మైనస్ 4 చూపేది. ఇప్పుడు మైనస్ 15! సరైన కేబుల్ వేశాక తప్పు రెట్టింపు కావడమేంటి సార్?

రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్
కేబుల్‌లో రెండు తీగల రంగులేంటి?

మిర్చియార్డ్ శ్రీను
పసుపు, ఎరుపు.

రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్
మీ ఎలక్ట్రీషియన్ ఎరుపును ప్లస్ అనుకున్నాడు. అతని తప్పు లేదు, అన్ని చోట్లా అంతే కదా. కానీ అమెరికా పద్ధతి థర్మోకపుల్ తీగల్లో ఎరుపే మైనస్, పసుపు ప్లస్. పెట్టె దగ్గరా తిప్పాడు, మాడ్యూల్ దగ్గరా తిప్పాడు. రెండుసార్లు తిప్పడం వల్ల సెన్సర్ సరిగ్గానే ఉన్నట్టు కనబడుతుంది, కానీ మధ్యలో కేబుల్ తలకిందులుగా ఉంది. కలపాల్సిన పెట్టె, గది తేడాను అది ఇంకోసారి తీసేస్తోంది. 11 రెండు సార్లు, 22. 7లోంచి 22 పోతే మైనస్ 15.

రెండు చివరలా మార్చండి. అంతర్జాతీయ ఐఈసీ పద్ధతి కేబుల్ దొరికితే ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. పెట్టె మూత లోపల పెయింటుతో రాసిపెట్టండి, తర్వాత వచ్చేవాడికి పనికొస్తుంది.

తెనాలి కుర్రాడు
ఈ లెక్క నోట్సులో రాసుకున్నాను సార్. మా ల్యాబ్‌లో కావాలని తిప్పి పెట్టి చూస్తాను.

ఈసీఈ మేడమ్
మా ల్యాబ్‌లో కూడా ఈ వారం ప్రయోగం ఇదే. బయట ఎండలో ఒక పెట్టె పెట్టిస్తాను, బెజవాడలో ఎండకు కొదవ లేదు.

మిర్చియార్డ్ శ్రీను
మార్చాం. 3వది 6.8. ఎలక్ట్రీషియన్ పక్కనే ఉన్నాడు, పసుపు ప్లస్ అని మూత మీద తనే రాశాడు. 4వది రేపు. ఓనర్ ఈ సాయంత్రం మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టమన్నారు, వారం పాటు రిజిస్టర్ కూడా పక్కనే రాస్తాం.

2వ చాంబర్‌లో అర డిగ్రీ తేడా ఉంది కదా, అది సెన్సర్‌దా, నా థర్మామీటర్‌దా? ఎలా తేల్చాలి?

రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్
ఫ్లాస్కులో ఐసు వేసి రెండూ కలిపి ముంచండి, పది నిమిషాలు కలుపుతూ ఉండండి. ఏది 0 చూపించకపోతే తప్పు దానిది. ఐసును మాత్రం పొడిలాగా నలగ్గొట్టి, అది తడిసేంత వరకే నీళ్లు పోయండి. పెద్ద గడ్డలు వేసి నీళ్లు ఎక్కువ పోస్తే అడుగున 2, 3 డిగ్రీలు ఉండిపోతుంది.

మిర్చియార్డ్ శ్రీను
ఐసు ఫ్యాక్టరీ మా వీధి చివరే సార్. పొద్దున్నే వెళ్తాను.